"నన్నెందుకు చెయ్యి విడిచితివి": ఈ చెయ్యి ఎక్కడిది?

గుడ్ ఫ్రైడే పఠనాలు చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. మన పాత తెలుగు బైబిల్లో 22వ కీర్తన "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అని మొదలవుతుంది. యేసు సిలువ మీద పలికింది ఈ మాటే. కానీ మత్తయి 27:46లో, మార్కు 15:34లో "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని ఉంది. మూలంలో చెయ్యి ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

*

మూలంలో లేదండీ. కీర్తనలో ఉన్నది "అజబ్" అనే హీబ్రూ క్రియ, విడిచిపెట్టడమని అర్థం. యేసు నోట వచ్చిన "సబక్తానీ" అరామిక్ భాష మాట, దానికీ అదే అర్థం. సువార్తల గ్రీకులోనూ చెయ్యి అన్న మాట కనబడదు. అది అచ్చంగా తెలుగు నుడికారం. అజబ్‌కు తెలుగులో ఒకే మాట స్థిరపడలేదు కూడా. ఆదికాండము 2:24లో తల్లిదండ్రులను "విడిచి" అన్నారు, యెహోషువ 1:5లో "ఎడబాయను" అన్నారు.

నాకైతే ఆ చెయ్యి చాలా నచ్చుతుంది. "డాక్టర్లు చేతులెత్తేశారు" అంటే వాళ్ల వల్ల కాలేదని. "చెయ్యిచ్చాడు" అంటే నమ్మించి మోసం చేశాడని. "చెయ్యి విడిచాడు" ఈ రెండూ కాదు. అంతవరకు పట్టుకుని ఉన్నవాడినే ఆ మాట అనగలం, ముక్కూమొహం తెలియనివాడిని అనలేం. సిలువ మీది కేకలో ఉన్నదీ అదే. "నా దేవా" అని పిలుస్తూనే అడుగుతున్నాడు. "విడనాడితివి"లో కూడా బాధ ఉంది గానీ, అది చదువుకున్న మాట. "చెయ్యి విడిచితివి" ఇంట్లో ఏడుస్తూ అనే మాట.

ఇంకో సంగతి. గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ధ్యానించే ఆరాధనలో ఇది నాలుగోది. ఏడోది లూకా 23:46, "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను." అది 31వ కీర్తన ఐదో వచనం నుంచి వచ్చింది, అక్కడ హీబ్రూలో నిజంగానే "చెయ్యి" ఉంది. నాలుగో మాట లూకాలో లేదు, ఏడోది మత్తయి, మార్కుల్లో లేదు. రెండింటినీ ఒకే పూట తెలుగులో విన్నవాళ్లకు విడిచిన చెయ్యి, అప్పగించుకున్న చెయ్యి పక్కపక్కన వినిపిస్తాయి. అనువాదకులు కావాలని చేశారని అనను. కానీ ఇంగ్లీషులో చదివేవాళ్లకు ఈ జత దొరకదు.

*

బాగుంది గానీ, చెయ్యి తగిలించడం వల్ల ఒక నష్టం కూడా ఉంది కదండీ? యేసు కీర్తనను ఎత్తుకున్నాడన్న సంగతే చెవికి అందదు. రెండు చోట్లా "విడనాడితివి" అనే ఉంటే తెలిసిపోయేది.

*

నిజమే, అది పెద్ద నష్టమే, కాదనను. ఆ కీర్తనలో ఈ ఒక్క వచనమే కాదు, బట్టలు పంచుకుని అంగీ కోసం చీట్లు వేయడం (18వ వచనం), చూసినవాళ్లు తల ఆడిస్తూ ఎగతాళి చేయడం (7వ వచనం) కూడా ఉన్నాయి. సువార్త రాసినవాళ్లు ఆ కీర్తనను మనసులో పెట్టుకునే రాశారు.

అయినా సువార్తలో చెయ్యిని తీసేయమని మాత్రం నేననను. పక్కన కీర్తన చదివితే సరిపోతుంది. కతోలిక చర్చిలో మట్టల ఆదివారం (గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే ఆదివారం) ఏ సంవత్సరమైనా 22వ కీర్తనే వస్తుంది, గుడ్ ఫ్రైడే నాడు 31వది. కొన్ని చర్చిల్లో గుడ్ ఫ్రైడేకే 22 చదువుతారు. చదివేవాళ్లకు నా మనవి ఒకటే: మొదటి వచనాల దగ్గర ఆపేయకండి. 24వ వచనం దాకా వెళ్లండి. బాధపడేవాడికి దేవుడు తన ముఖం దాచుకోలేదని, మొర పెడితే విన్నాడని అక్కడ ఉంది. మొదటి వచనంలో అడిగిన ప్రశ్నకు ఆ కీర్తన తనే ఇచ్చుకున్న జవాబు అది.