పత్తికి మందు కొట్టేటోళ్ళకు జింకు గోళీలు: లివర్‌కు పనికొస్తయా?

మునుగోడు పత్తి: మా దిక్కు పత్తికి క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు కొడుతున్నరు. తిండి జొన్నరొట్టె, పచ్చిపులుసు, పూటపూటకు చాయ్. "లివర్ శుభ్రమైతది" అని రోజుకు 50 మిల్లీగ్రాముల జింకు గోళీ అమ్ముతున్నరు. ఖనిజాలు తక్కువైతే విషాన్ని విరిచే ఎంజైములు పడిపోతయా? గోళీ ఎన్నాళ్ళు వేసుకోవాలె?

జీవరసాయనం: కొన్ని ఎంజైముల లోపల్నే లోహం ఉంటది. సారాను విరిచే ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్‌లో జింకు, మందులను, విషాలను మార్చే పీ450 అనే ఎంజైముల్లో ఇనుము, కణాలను కాపాడే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌లో సెలీనియం. కొరత వస్తే అన్నీ ఒక్కతీరుగ పడిపోవు. ఇనుము లేని తిండి పెట్టిన ఎలుకల్లో పేగు పీ450 తొందరగ తగ్గింది, లివర్‌ది చాలావరకు నిలబడ్డది.

క్లోరిపైరిఫాస్ సంగతి వేరే. పీ450 దాన్ని ముందు ఆక్సాన్‌గా మారుస్తది, నరాలను పట్టేది ఆ ఆక్సానే. ఆ ఆక్సాన్‌ను విరిచే వాటిలో ముఖ్యమైంది లివర్ తయారుచేసే పారాక్సోనేజ్ అనే ఎంజైము. దానికి కావాల్సింది కాల్షియం, జింకు కాదు. అట్లని కాల్షియం గోళీలూ వద్దు, రక్తంలో కాల్షియాన్ని ఒంట్లోనే సరిచూసుకునే ఏర్పాటున్నది. గ్లౌజులు తొడగండి, తడిసిన అంగీ అప్పుడే విప్పి సబ్బుతో కడుక్కోండి. విషం తోలుమీంచే ఎక్కువ ఎక్కుతది.

పాలమూరు పోషణ: 50 చాలా ఎక్కువ. 2020 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కన మగవాళ్ళకు రోజుకు 17, ఆడవాళ్ళకు 13.2 మిల్లీగ్రాములు. నెలల తరబడి ఎక్కువ వేస్తే పేగు కణాల్లో మెటలోథయోనిన్ అనే లోహాలను పట్టే ప్రోటీన్ పెరిగి రాగిని పట్టుకుంటది, ఆ కణం రాలితే రాగి కూడా పోతది. రక్తం తగ్గుడు, కాళ్ళ తిమ్మిర్లు దానివల్లే. నల్గొండల ఇంకా జాగ్రత్త: 1970లలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు ఇక్కడి ఫ్లోరైడ్ ఊళ్ళల్ల మోకాళ్ళు లోపలికి వంగుడును జొన్నల ఉండే మాలిబ్డినం అనే ఖనిజంతో, రాగి కొరతతో ముడిపెట్టిండ్రు.

జింకు, ఇనుము ఒంటబట్టకుండ చేసేది జొన్నలోని ఫైటేట్. అది తగ్గాలంటే పిండిని మజ్జిగల కలిపి రాత్రంతా పులవనిచ్చి అంబలి కాసుకోండి. చాయ్ తిండికి గంట ఎడం పెట్టండి.

మునుగోడు పత్తి: జొన్నలు మొలకెత్తిస్తే ఇంకా మంచిదా అన్నా?

జీవరసాయనం: వద్దు. జొన్న మొలకల్ల ధురిన్ ఉంటది, దాన్నుంచి సైనైడ్ వస్తది. లేత జొన్నపైరు మేసి పశువులు పడిపోయేది అందుకే. పెసర్లు మొలకెత్తించండి.

మందు కొట్టినంక చెమటలు, నోట్ల చొంగ, కంటిపాప సన్నబడుడు కనిపిస్తే గోళీల ముచ్చట పక్కన పెట్టి దవాఖానకు పోండి. మందు డబ్బా లేబుల్ వెంట ఉండాలె, డాక్టర్ అట్రోపిన్ అనే విరుగుడు ఇయ్యాల్నా వద్దా అన్నది తొందరగ తేలుతది.