నేవీలో ఫ్లైట్ డెక్ ఉద్యోగం, సంతకం పెట్టమంటారా?

నాకు 21 ఏళ్లు. డాలస్ దగ్గర ఉంటాం, గ్రీన్ కార్డు ఉంది. అమెరికా నేవీ రిక్రూటర్ ఏబీహెచ్ ఉద్యోగం ఉందంటున్నాడు. అంటే విమాన వాహక నౌక డెక్కు మీద విమానాలను అటూ ఇటూ జరిపించే పని. మొదట్లో నీలం చొక్కా: చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టడం, విమానాన్ని గొలుసులతో డెక్కుకు కట్టేయడం. అనుభవం వచ్చాక పసుపు చొక్కా వేసుకుని చేతి సైగలతో పైలట్లను నడిపించడం. శిక్షణ ఫ్లోరిడాలోని పెన్సకోలాలో. వినడానికి భలేగా ఉంది, రిక్రూటర్ చెబితే ఏదైనా అలాగే ఉంటుందనుకోండి.

నా టెన్షన్ అంతా చెవుల గురించే. ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుని, వాటి మీద మళ్లీ ఇయర్ మఫ్స్ వేసుకున్నా జెట్ మోత ఒళ్లంతా అదిరిస్తుందట. పైగా బయటికొచ్చాక ఈ అనుభవానికి ఎయిర్‌పోర్టుల్లో విలువుంటుందా? లేక కాస్త ఆగి, విమానాల ఇంజన్లు రిపేరు చేసే ఏడీ ఉద్యోగం లాంటిది అడగడం మేలా? తర్వాత జీఐ బిల్లుతో (సైన్యంలో పనిచేసినవాళ్ల చదువుకు ప్రభుత్వం డబ్బు సాయం చేసే పథకం) చదువుకోవాలన్నది నా ప్లాన్. అమ్మ ససేమిరా అంటోంది. నాన్న "నీ ఇష్టం రా" అని టీవీ సౌండ్ పెంచేస్తున్నారు.

డెక్కు మీద పనిచేసినవాళ్లు, పిల్లలు నేవీలో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. నెలల తరబడి సముద్రంలో ఉన్నప్పుడు సరిగా నిద్ర దొరుకుతుందా? వినికిడి పరీక్షల కాపీలు మనమే దాచుకోవాలా? వచ్చే వారమే సంతకం పెట్టమంటున్నాడు.