పాత షీటు 107 తెరిస్తే స్నోడన్, కొత్త 107 తెరిస్తే హల్ నగరం: నంబర్లు కలిపేదెలా?

లీడ్స్‌నడక:
చారిటీ షాపులో ఎర్ర అట్టల ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) మ్యాపులు డబ్బా నిండా దొరికాయి. సెవెన్త్ సిరీస్, మైలుకి అంగుళం స్కేలు. వాటితో పాటు ఎవరో పెద్దాయన రాసుకున్న నడకదారుల నోటుబుక్కు. అందులో అంతా "షీట్ 107", "షీట్ 82" అనే ఉంది. పాత 107 వేల్స్‌లోని స్నోడన్ కొండది. ఇప్పటి ల్యాండ్‌రేంజర్ (1:50,000 స్కేలు సిరీస్) 107 తీస్తే వేల్స్ కాదు కదా, ఇంగ్లండ్‌లోని హల్ వచ్చింది. పాత, కొత్త నంబర్లకి లెక్కేమైనా ఉందా?

కార్డిఫ్‌కారం:
స్నోడన్‌కి ఇప్పుడు 115. ఎనిమిది కలుపుకో అన్నా, అయిపోయె.

పటాలపిచ్చి:
ఆ ఎనిమిది అన్నిచోట్లా పనిచేయదండీ. ల్యాండ్స్ ఎండ్ 189 నుంచి 203కి వెళ్లింది, తేడా 14. కేంబ్రిడ్జ్ 135 నుంచి 154కి, తేడా 19. బెన్ నెవిస్ అయితే 47 నుంచి 41కి తగ్గింది! పాత షీటు ఒక్కొక్కటీ తూర్పు పడమరలు 40 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలు 45. మొత్తం 190. 1974లో దక్షిణ భాగానికి, 1976లో ఉత్తర భాగానికి 1:50,000 సిరీస్ తెచ్చినప్పుడు దేశాన్ని 40 బై 40 చతురస్రాలుగా మళ్లీ కోశారు, 204 షీట్లయ్యాయి. అంచులే మారిపోయాక ఒకదానికి ఒకటి జతపడే పట్టిక ఎక్కణ్ణుంచి వస్తుంది? లండన్‌కి పాతవి నాలుగు (160, 161, 170, 171), ఇప్పుడు 176, 177.

నంబరు వదిలేసి గ్రిడ్ రిఫరెన్స్ పట్టుకోండి, అంటే మ్యాపు గళ్లలో చోటు చెప్పే అక్షరాలు, అంకెలు. దేశమంతటికీ గీసిన ఆ గళ్లు, నేషనల్ గ్రిడ్, రెండు సిరీస్‌లకీ ఒకటే. స్నోడన్ శిఖరం అప్పుడూ ఎస్‌హెచ్ 6054 గడిలోనే, ఇప్పుడూ అక్కడే.

కార్డిఫ్‌కారం:
సరే, ఒప్పుకున్నా. మా స్నోడన్ వరకే నా లెక్క 😄

మాంచెస్టర్‌మామయ్య:
స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ మ్యాపుల సైట్‌లో సెవెన్త్ సిరీస్ స్కాన్లు ఉన్నాయి, ఉచితమే. పాత మ్యాపునీ ఇప్పటి మ్యాపునీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పట్టికల కోసం వెతకడం కన్నా అదే హాయి.

లీడ్స్‌నడక:
చూశాను మామయ్యా, బ్రహ్మాండం. కానీ నోటుబుక్కులో ముందు పేజీల్లో "23/609543" అని ఉంది. అక్షరాలే లేవు. ఫోన్ నంబరేమో అనుకున్నా.

పటాలపిచ్చి:
అది స్నోడనే! 1940ల్లో వంద కిలోమీటర్ల చతురస్రానికి అక్షరాల బదులు అంకెలు రాసేవారు. 23 అంటే ఎస్‌హెచ్. మిగతా ఆరంకెలు ఆ చతురస్రంలో చోటు చెప్పేవి, ఇప్పటిలాగే. ఎక్కడైనా "డి5" లాంటిది కనిపిస్తే మాత్రం జాగ్రత్త. అది 1920ల నాటి పాపులర్ ఎడిషన్ అనే ఇంకా పాత మ్యాపుల గళ్లు కావచ్చు, ఈ గ్రిడ్‌తో సంబంధం లేదు. దాని షీటు నంబర్లూ వేరే: ఇంగ్లండ్, వేల్స్‌కి కలిపి 146, స్కాట్లండ్‌కి మళ్లీ ఒకటి నుంచి 92. అందుకే ఉత్త "షీట్ 40" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. ఏ సిరీస్ అన్నది ముందు అట్ట మీద చూడాలి.

లీడ్స్‌నడక:
82 కూడా తేలింది. అది కెస్విక్ ఊరి షీటు. ఆయన స్కిడ్డా కొండకి ఎన్‌వై 260290 అని రాశారు. ల్యాండ్‌రేంజర్‌లో చూస్తే 89లోనూ ఉంది, 90లోనూ ఉంది. ఏది కొనాలి?

మాంచెస్టర్‌మామయ్య:
పక్కపక్క షీట్లు ఒకదాని మీద ఒకటి వస్తాయి బాబూ, అందుకే రెండింట్లోనూ ఉంది. కెస్విక్ నుంచి తూర్పుకి, పెన్రిత్ వైపు నడుస్తావా, 90 కొను. సముద్రం వైపైతే 89. ఇంకోటి, 1:50,000 కోసం అమ్మే ప్లాస్టిక్ స్కేలు ఆ ఎర్ర అట్ట మ్యాపు మీద పెట్టకు. కొత్త దాంట్లో కిలోమీటరు గడి సరిగ్గా 2 సెంటీమీటర్లు, పాతదాంట్లో 1.6 కూడా నిండదు.