వేసవి టోర్నమెంటులో కొత్తగా అంపైరింగు చేసేవాళ్లకి, స్కోరు రాసేవాళ్లకి మొదటినుంచి రూల్సు చెప్పండి

పెన్నా ఒడ్డు:
కోతలయ్యాయి, కయ్యలు ఎండాయి. నెల్లూరు పక్కన మా ఊళ్లో వచ్చే వారం టోర్నమెంటు. టెన్నిస్ బంతి, 12 ఓవర్లు, 8 జట్లు. అంపైరింగుకి ఇద్దరు, స్కోరు రాయడానికి ఇద్దరు ఇంటరు పిల్లలు ఒప్పుకున్నారు. సిక్సు, ఫోరు, బౌల్డు దాకా తెలుసు. బై అంటే ఏంది, లెగ్ బై ఎవరి ఖాతా, నోబాల్‌కి రనౌటు ఇవ్వొచ్చా అని అడుగుతున్నారు. తెలిసినవాళ్లు వివరంగా రాయండి, ప్రింటు తీసి వాళ్ల చేతికిస్తాను.

ఒంగోలు గిత్త:
ముందు గీతలు సరిగ్గా వేయండన్నా. సగం గొడవలు అక్కడే పుడతాయి. పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. ఇది ఈ స్టంప్స్ నుంచి ఆ స్టంప్స్‌కి. ముందు గీత నుంచి ముందు గీతకి 66 కొలిస్తే పిచ్ 8 అడుగులు పెరిగిపోతుంది, టెన్నిస్ బంతి రెండు పిచ్‌లు పడి వస్తుంది. బ్యాటరు ముందుండే గీత పేరు పాపింగ్ క్రీజు, అది స్టంప్స్ వరసకి 4 అడుగుల ముందు. రెండు పాపింగ్ క్రీజుల మధ్య 58 అడుగులు వచ్చిందో లేదో చూడండి. సాగని తాడు మీద 0, 4, 62, 66 అడుగుల దగ్గర ముడులేసుకుంటే రోజూ టేపు వెతుక్కోనక్కర్లేదు.

మూడు స్టంప్స్ కలిపి వెడల్పు 9 అంగుళాలు, ఎత్తు 28. మధ్య స్టంప్ నుంచి అటూ ఇటూ 4 అడుగుల 4 అంగుళాల దగ్గర పక్క గీతలు, వాటిని రిటర్న్ క్రీజు అంటారు. వన్డేల్లో, టీ20ల్లో ఆఫ్ సైడు మధ్య స్టంప్‌కి 35 అంగుళాల దూరంలో వైడ్ గుర్తు ఉంటుంది. మీరు రెండు పక్కలా వేయండి, ఎడమచేతి వాళ్లకీ పనికొస్తుంది. సున్నం వద్దు, డైవ్ కొడితే కళ్లలో పడుతుంది. ముగ్గుపిండి చాలు.

కావలి లెగ్‌స్పిన్:
గిత్తగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పాపింగ్ క్రీజు అంటే గీత మొత్తం కాదు, స్టంప్స్ వైపు అంచు మాత్రమే. అందుకని బ్యాటు సరిగ్గా గీత మీద ఆగితే అది అవుటే, గీత దాటి లోపల నేలకి తగలాలి. బౌలరుకీ ఇదే లెక్క: ముందు పాదంలో కొంతభాగమైనా ఆ అంచుకి వెనక ఉండాలి. మడమ గాల్లో ఉన్నా ఫరవాలేదు. వెనక పాదం మాత్రం రిటర్న్ క్రీజుని తాకకూడదు. ఈ రెంట్లో ఏది తప్పినా నోబాల్. టీవీలో ముందు పాదం ఒక్కటే చూపిస్తారు కాబట్టి కొత్త అంపైర్లు వెనక పాదం సంగతి మర్చిపోతారు.

నోబాల్ ఇవ్వాల్సిన మిగతావి: నడుము పైన వచ్చే ఫుల్‌టాస్ (బ్యాటరు క్రీజులో నిటారుగా నిలబడితే ఉండే నడుము ఎత్తు), బ్యాటరు క్రీజుకి రాకముందే రెండుసార్లు పిచ్ పడిన బంతి, పిచ్ పడి తల పైనుంచి పోయిన బంతి. చివరిదాన్ని టీ20ల్లో వైడ్ ఇస్తారు, ఎం.సి.సి. లాస్‌లో (లండన్‌లోని మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు రాసే ఆట రూల్సు) నోబాల్. మీ టోర్నమెంటులో ఏదో టాస్‌కి ముందే ఇద్దరు కెప్టెన్లకీ చెప్పేయండి. ఫ్రీ హిట్ (నోబాల్ తర్వాతి బంతికి బౌల్డు, క్యాచ్ లాంటి అవుట్లు లేకుండా ఆడనివ్వడం) కూడా అంతే. అది లాస్‌లో లేదు, టోర్నమెంట్లు పెట్టుకునే షరతు.

మైపాడు గాలి:
ఒక డౌటు. నోబాల్‌కి అవుట్లు ఉండవు కదా, మరి రనౌటు ఎట్టా ఇస్తారు?

కావలి లెగ్‌స్పిన్:
బౌల్డు, క్యాచ్, ఎల్బీడబ్ల్యూ (స్టంప్స్‌కి పోయే బంతికి కాలో ఒళ్లో అడ్డంపడటం), స్టంపింగు (బంతి ఆడబోయి క్రీజు బయటికొచ్చిన బ్యాటరుని కీపర్ అవుట్ చేయడం), హిట్ వికెట్ (బ్యాటరే తన స్టంప్స్ పడగొట్టుకోవడం) నోబాల్‌కి ఉండవు. రనౌటు ఉంది. బంతిని రెండుసార్లు కొట్టడం, ఫీల్డర్లని అడ్డుకోవడం కూడా అవుటే. వైడుకి మటుకు స్టంపింగు, హిట్ వికెట్ ఉన్నాయి. చాలామంది తికమక పడేది ఇక్కడే: నోబాల్‌కి స్టంపింగు లేదు, వైడుకి ఉంది.

సింగరాయకొండ కీపర్:
రనౌటు విషయంలో పిల్లలకి మూడు సంగతులు గట్టిగా చెప్పండి.

ఒకటి, బెయిల్ (స్టంప్స్ పైన పెట్టే చిన్న పుల్ల) స్టంప్స్ మీద నుంచి పూర్తిగా లేవాలి, ఊగి మళ్లీ కూర్చుంటే అవుటు కాదు. రెండు, కుడిచేతిలో బంతి పెట్టుకుని ఎడమచేత్తో బెయిల్స్ కొడితే లెక్కలోకి రాదు. బంతి పట్టుకున్న చెయ్యే తగలాలి. హడావుడిలో కీపర్లు చేసే తప్పు ఇదే. మూడు, బెయిల్స్ రెండూ ముందే పడిపోయి ఉంటే ఊరికే స్టంప్స్‌ని తాకడం సరిపోదు. బంతి తగిలి స్టంప్ నేలలోంచి ఊడి రావాలి, లేకపోతే బంతి ఉన్న చేత్తో పీకాలి.

బ్యాటరు పరిగెత్తుతూనో డైవ్ కొట్టో లోపల ఒకసారి నేలకి ఆనించి, ఆ ఊపులోనే బ్యాటు పైకి లేస్తే అవుటివ్వకూడదు. 2017లో మారిన రూలు ఇది. అప్పటికంటే ముందు ఆడినవాళ్లు ఇప్పటికీ గొడవ పడతారు.

అవతలి ఎండ్ బ్యాటరు బౌలర్ బంతి వదలకముందే క్రీజు దాటితే బౌలర్ రనౌటు చెయ్యొచ్చు. ముందు హెచ్చరించాలని ఎక్కడా లేదు. 2022లో దీన్ని అన్యాయపు ఆట రూలు కిందనుంచి తీసి మామూలు రనౌటు రూలులో పెట్టారు. చేసినవాడిని తిట్టనివ్వకండి.

ఇంకోటి, అప్పీలు లేకుండా అంపైరు అవుటివ్వలేడు. ఎవరో ఒకరు అడగాలి, అదీ బౌలర్ తర్వాతి బంతికి రనప్ మొదలెట్టకముందే.

పెన్నా ఒడ్డు:
అన్నా, ఎల్బీడబ్ల్యూ పెడితే నష్టమా? మా వాళ్లు వద్దంటున్నారు.

ఒంగోలు గిత్త:
కొత్త అంపైర్లతో వద్దు. లెగ్ స్టంప్ బయట పిచ్ పడితే అవుటు లేదు, ఆఫ్ బయట తగిలితే షాట్ ఆడాడా లేదా చూడాలి, బ్యాటు ముందు తగిలిందా, స్టంప్స్‌కి పోయేదా చూడాలి. ఇవన్నీ అర సెకనులో. టెన్నిస్ బంతి ఎత్తుగా లేస్తుంది కాబట్టి సగానికి పైగా స్టంప్స్ మీదనుంచే పోతాయి. కానీ ఎల్బీడబ్ల్యూ తీసేస్తే కాలు అడ్డంపెట్టి ఆడేవాళ్లు ఎక్కువవుతారు. దానికి మందు లెగ్ బై రూలులోనే ఉంది: షాట్ ఆడటానికి గానీ, దెబ్బ తగలకుండా తప్పుకోడానికి గానీ ప్రయత్నించకుండా బంతిని ఒంటికి తగలనిస్తే ఆ పరుగులు ఇవ్వకూడదు. డెడ్ బాల్ (ఆ బంతికి ఆట అక్కడితో ఆగినట్టు) ఇచ్చి బ్యాటర్లని వెనక్కి పంపండి.

స్కోరు గీతలు:
ఇప్పుడు స్కోరు సంగతి. ప్రతి బంతికీ స్కోరరు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. బంతి ఓవర్లో లెక్కకి వచ్చిందా? పరుగు బ్యాటరుదా, ఎక్స్‌ట్రాదా? బౌలర్ మీద పడుతుందా?

వైడు: ఓవర్లో లెక్కలేదు. వచ్చిన పరుగులన్నీ వైడులే, బౌలర్ మీద పడతాయి. బ్యాటరు ఆడిన బంతుల్లో కూడా కలవదు.
నోబాల్: ఓవర్లో లెక్కలేదు, కానీ బ్యాటరు ఆడిన బంతి కింద రాస్తాం. 1 పరుగు బౌలర్ మీద. బ్యాటుతో కొట్టినవి బ్యాటరువి, బౌలర్ మీద కూడా. బ్యాటుకి తగలకుండా పరిగెత్తినవి బైలు లేదా లెగ్ బైలు.
బై, లెగ్ బై: ఓవర్లో లెక్కే. బ్యాటరుకి రావు, బౌలర్ మీదా పడవు. బై అంటే బ్యాటుకీ ఒంటికీ తగలకుండా పోయింది, లెగ్ బై అంటే ఒంటికి తగిలింది. పేరులో లెగ్ ఉన్నా భుజానికి తగిలినా లెగ్ బైనే.

పుస్తకంలో గుర్తులు: పరుగు లేని బంతికి చుక్క, వైడుకి కూడిక గుర్తు, నోబాల్‌కి సున్నా లాంటి వలయం, బైకి పైకి చూసే త్రికోణం, లెగ్ బైకి కిందికి చూసే త్రికోణం.

ఒక ఓవరు కట్టి చూపిస్తాను. క్రీజులో రాము, అవతల సోము అనుకోండి.
రాము 1 తీశాడు. సోముకి వైడు, కీపర్ వదిలేస్తే ఒకటి పరిగెత్తారు: వైడులు 2. రాముకి నోబాల్, ఫోరు కొట్టాడు: నోబాల్ 1, రాముకి 4. తర్వాత చుక్క. లెగ్ బై 1. సోము ఫోరు. బైలు 2. సోము క్యాచ్ అవుట్.

లెక్కకొచ్చిన బంతులు 6. మొత్తం 15. బ్యాటర్లవి: రాము 5, సోము 4, కలిపి 9. ఎక్స్‌ట్రాలు: వైడు 2, నోబాల్ 1, లెగ్ బై 1, బై 2, కలిపి 6. 9, 6 కలిపితే 15. బౌలర్ మీద 15లోంచి లెగ్ బై 1, బై 2 తీస్తే 12. అతని పద్దు: 1 ఓవరు, 12 పరుగులు, 1 వికెట్. రాము ఆడిన బంతులు 4, సోమువి 3. మొత్తం 7, అంటే 6 మంచి బంతులు, ఒక నోబాల్. బ్యాటర్ల లెక్క, బౌలర్ లెక్క, ఈ రెండు పక్కలూ కలవకపోతే అప్పుడే ఆపి వెతకండి. మూడు ఓవర్లయ్యాక వెతికితే దొరకదు.

రనౌటు బౌలర్ ఖాతాలో వికెట్ కాదు. ఇద్దరు స్కోరర్లు ఓవరు ఓవరుకీ గట్టిగా చదివి సరిచూసుకోవాలి. అంపైరు సిగ్నల్ ఇచ్చాక స్కోరరు చెయ్యెత్తి చూసినట్టు చెప్పేదాకా తర్వాతి బంతి వెయ్యనివ్వకూడదు.

మైపాడు గాలి:
సోము అవుటయ్యేముందు ఇద్దరూ క్రాస్ అయితే కొత్త బ్యాటరు యాడ నిలబడాలి?

కావలి లెగ్‌స్పిన్:
క్యాచ్ అయితే క్రాస్ అయినా కాకపోయినా కొత్తవాడు బంతి ఆడే ఎండ్‌కే రావాలి. 2022 అక్టోబరు 1 నుంచి రూలు. పై ఉదాహరణలో ఓవరు అయిపోయింది కాబట్టి తర్వాతి ఓవరు మొదటి బంతి అవతలి ఎండ్‌లో ఉన్న రాము ఆడతాడు.

ఓవర్ త్రో కూడా రాసుకోండి. ఫీల్డర్ విసిరిన బంతి బౌండరీకి పోతే 4, దానికి తోడు అప్పటికే పూర్తయిన పరుగులు. సగంలో ఉన్న పరుగు మాత్రం, బంతి చేతిలోంచి వదిలే క్షణానికి బ్యాటర్లు క్రాస్ అయి ఉంటేనే వస్తుంది. అందుకే అంపైరు త్రో వైపు చూస్తూనే బ్యాటర్లు ఎక్కడున్నారో కూడా గమనించాలి.

సింగరాయకొండ కీపర్:
ఓవర్లో బంతులు లెక్కపెట్టడానికి ఆరు చింతగింజలు ఒక జేబులో వేసుకోమనండి. మంచి బంతికి ఒకటి రెండో జేబులోకి. వైడుకి, నోబాల్‌కి కదిలించకూడదు. 12 ఓవర్ల మ్యాచ్‌లో ఇద్దరు బౌలర్లు మూడేసి, మిగతా వాళ్లు రెండేసి ఓవర్ల దాకా వెయ్యొచ్చు. మొత్తం ఓవర్లలో ఐదో వంతు అనే పద్ధతి ప్రకారం వచ్చేది ఇదే.

స్కోరు గీతలు:
8 జట్లని రెండు గ్రూపులు చేస్తే పాయింట్లు సమానమై నెట్ రన్‌రేట్ (ఓవరుకి కొట్టిన పరుగుల్లోంచి ఓవరుకి ఇచ్చినవి తీస్తే వచ్చేది) దాకా వస్తుంది, అందులో రెండు తప్పులు మామూలు. ఒకటి, 9.4 ఓవర్లలో కొట్టిన పరుగుల్ని 9.4తో భాగిస్తారు. అది 9 ఓవర్ల 4 బంతులు, అంటే 9.667. 71 పరుగులు 9.4 ఓవర్లలో కొడితే రేటు 7.34, 7.55 కాదు. రెండోది, ఆలౌటైన జట్టుకి ఆడిన ఓవర్లు కాకుండా పూర్తి 12 ఓవర్లు లెక్కెయ్యాలి. మీరు 12 ఓవర్లలో 96 కొట్టి, ఎదుటి జట్టుని 10 ఓవర్లలో 70కి ఆలౌట్ చేస్తే 8.00లోంచి 5.83 తీయాలి, 7.00 కాదు. తేడా ఒకటికి పైగా ఉంది, సెమీస్‌కి ఎవరు పోతారో మారిపోతుంది. మ్యాచ్‌ల రేట్లు విడివిడిగా కట్టి సగటు తీయొద్దు. గ్రూపులో కొట్టిన పరుగులన్నీ కలిపి ఓవర్లన్నిటితో భాగించండి, ఇచ్చిన పరుగులకీ అట్టాగే.

పెన్నా ఒడ్డు:
అందరికీ దండాలన్నా, నాలుగు పేజీలొచ్చింది. ఒక్కటే మిగిలింది. సాయంత్రం తూర్పు గాలికి బెయిల్స్ నిలబడవు. ఏం చెయ్యాలి?

ఒంగోలు గిత్త:
రెండు ఎండ్లలోనూ తీసెయ్యొచ్చు, లాస్ ఒప్పుకుంటాయి. ఒక ఎండ్‌లో ఉంచి ఒక ఎండ్‌లో తీయకూడదు. బెయిల్స్ లేనప్పుడు బంతి స్టంప్స్‌కి తగిలిందని అంపైరుకి నమ్మకం కుదిరితే చాలు, అవుటు ఇవ్వొచ్చు. స్టంప్ కదిలిందా అని చూస్తూ కూచోనక్కర్లేదు. గాలి తగ్గాక మళ్లీ పెట్టండి. గుంటల్లో ముందురోజు సాయంత్రమే నీళ్లు పోసి స్టంప్స్ దిగ్గొడితే మర్నాడు గట్టిగా నిలబడతాయి.