పార్థెనాన్ మెట్టు మధ్యలో ఎందుకు ఉబ్బింది? పిల్లలకు ఏం చెప్పాలి?

ఐదో తరగతి టీచర్:
ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడి మీద పాఠం తయారు చేస్తున్నాను. ముందు 8, పక్కన 17, చుట్టూ మొత్తం 46 స్తంభాలు. పెంటెలీ కొండ పాలరాయి. క్రీ.పూ. 447లో పని మొదలైంది. ఇంతవరకు ఇబ్బంది లేదు. స్తంభాలు నిలబడ్డ పై మెట్టు మాత్రం చదునుగా లేదు. దాదాపు 70 మీటర్ల పొడవులో నడిమి భాగం 11 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంది. "చదునుగా కడితే కంటికి కుంగినట్టు కనిపిస్తుంది, అందుకే ఇలా కట్టారు" అని చాలాచోట్ల చదివాను. అదే చెప్పేయనా?

ఇళ్ల మేస్త్రీ:
వద్దు టీచర్ గారూ. ఆ మాట రోమన్ రచయిత విట్రూవియస్‌ది. గుడి కట్టిన 400 ఏళ్లకు రాశాడు. దాన్ని కట్టిన ఇక్టినోస్ కూడా ఓ పుస్తకం రాశాడని ఆయనే అన్నాడు, అది మనకు దక్కలేదు. నన్నడిగితే ఇది వాటం. డాబా మీద వాన నీళ్లు నిలవకుండా మేం పెట్టేది అదే. మెట్ల మీద పడ్డ నీళ్లు జారిపోవద్దా?

చరిత్ర విద్యార్థి:
నీళ్ల కోసమే అయితే పైన దూలాల్లో కూడా ఆ వంపు ఎందుకుంది మేస్త్రీ గారూ? స్తంభాలు కొద్దిగా లోపలికి ఒరిగి ఉంటాయి. మూలల్లోవి కాస్త లావు, ఎందుకంటే వెనక ఆకాశం వెలుగుంటే స్తంభం సన్నగా కనిపిస్తుంది. ఇదంతా కంటి కోసం చేసిన పనే.

ఇళ్ల మేస్త్రీ:
కింద వంపు పెట్టి, దాని మీద ఒకే పొడవున్న స్తంభాలు నిలబెడితే పైన కూడా అదే వంపు వస్తుంది తమ్ముడూ. మూల స్తంభాల లావుకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, అక్కడ మీ మాటే ఒప్పుకుంటాను. కానీ లావుకూ ఈ ఉబ్బుకూ కారణం ఒకటే అయి తీరాలా?

ఐదో తరగతి టీచర్:
అయితే కొలత చెప్పి, కారణం పిల్లల్నే అడుగుతాను. మెట్టుకు ఒక చివర టిఫిన్ డబ్బా పెట్టి, రెండో చివర మెట్టుకు కన్ను ఆనించి చూస్తే డబ్బా కనిపించదు, మధ్యలో ఉబ్బు అడ్డం. దీంతో మొదలుపెడతాను. మీ ఇద్దరి కారణాలూ బోర్డు మీద పక్కపక్కనే రాస్తాను.

చరిత్ర విద్యార్థి:
కొరింత్‌లోని అపోలో గుడిని కూడా చేర్చండి. పార్థెనాన్ కంటే దాదాపు వందేళ్ల ముందుది. దానికీ ఈ ఉబ్బు ఉంది.