టెక్స్ట్ ఫైలు సర్వర్‌లో పెడితే తెలుగు చెదిరిపోతోంది

ప్రశ్న (శ్రీకాకుళం): ఆమదాలవలస, టెక్కలి, పలాస మండలాల ఊళ్ల జాబితా యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి)లో సేవ్ చేశాను. నా కంప్యూటర్‌లోనే బ్రౌజర్‌తో తెరిస్తే బాగుంది. సర్వర్‌లో పెడితే ప్రతి అక్షరం డిగ్రీ గుర్తులతో మూడు ముక్కలవుతోంది. ఎందుకు?

జవాబు 1: ఫైలు చెడలేదు బాబూ. 'శ' అంటే యూటీఎఫ్-8లో మూడు బైట్లు: 224, 176, 182. బ్రౌజర్ వాటిని విండోస్-1252 అనే పాత ఇంగ్లీషు తరహా అక్షర పద్ధతిగా చదువుతోంది. అందులో 176 అంటే డిగ్రీ గుర్తే. సొంత డిస్కులోని ఫైలైతే బ్రౌజర్ లోపలి బైట్లు చూసి యూటీఎఫ్-8 అని పట్టేస్తుంది. సర్వర్ నుంచి వచ్చినప్పుడు మాత్రం ముందు ఫైలు మొదట్లో బామ్ (ఇది యూటీఎఫ్-8 అని చెప్పే మూడు బైట్ల గుర్తు) ఉందేమో చూస్తుంది, లేకపోతే సర్వర్ ఫైలుతో పాటు పంపే కంటెంట్-టైప్ హెడర్‌లోని చార్‌సెట్‌ను, అంటే అక్షర పద్ధతి పేరును, నమ్ముతుంది. అదీ లేకపోతే ఊహే. హెచ్‌టీఎంఎల్‌కైతే పేజీలోనే చార్‌సెట్ చెప్పే మెటా ట్యాగ్ ఆదుకుంటుంది, టెక్స్ట్ ఫైలుకు ఆ వీలు లేదు.

మీ సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ అయితే హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగుల ఫైలులో 'యాడ్‌చార్‌సెట్ యూటీఎఫ్-8 .టీఎక్స్‌టీ' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. ఎంజిన్ఎక్స్ అనే సర్వరైతే దాని సెట్టింగుల్లో 'చార్‌సెట్ యూటీఎఫ్-8;' చాలు, తర్వాత రీలోడ్ చేయాలి.

జవాబు 2 (విజయనగరం): మార్చాక కర్ల్ అనే కమాండుకు పెద్ద ఐ ఆప్షన్ (-I) ఇచ్చి హెడర్ చూడండి, బ్రౌజర్ దాచుకున్న పాత ప్రతి (క్యాష్) మోసం చేస్తుంది. బామ్ పెట్టినా పని జరుగుతుంది గానీ నేను వద్దంటాను: ఆ మూడు బైట్లు మొదటి ఊరి పేరుకు అతుక్కుని, స్క్రిప్టులో వెతికితే ఆ పేరు దొరకదు. చెదిరిన పాఠాన్ని కాపీ చేసి మళ్లీ సేవ్ చేయకండి, అప్పుడు నిజంగానే పాడవుతుంది.

జవాబు 1: ఇంకోటి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైప్ చేసిన జాబితాకు ఏ చార్‌సెట్టూ పనికిరాదు, ముందు యూనికోడ్‌కు మార్చాల్సిందే.