అప్‌డేట్: ట్రిస్టన్ ద కున్యా కాదు, సెయింట్ హెలెనా

దక్షిణ అట్లాంటిక్‌లోని ఈ రెండు దీవుల్లో దేనికి వెళ్లమంటారని అడిగాను కదా, సెయింట్ హెలెనా చూసి వచ్చాను. ట్రిస్టన్‌కు విమానాశ్రయం లేదు. కేప్‌టౌన్ నుంచి దాదాపు వారం ఓడ ప్రయాణం, పైగా దీవి పాలకమండలి అనుమతి ముందే తీసుకోవాలి. అలలు మొండికేస్తే ఒడ్డు కనిపిస్తున్నా దిగలేం. అంత సెలవు నాకెవరిస్తారు?

సెయింట్ హెలెనాకు 2017 నుంచి జొహానెస్‌బర్గ్ విమానం ఉంది. మీలో ఒకరు హెచ్చరించినట్టే జేకబ్స్ ల్యాడర్ అనే నిటారు మెట్లదారిలోని 699 మెట్లు మోకాళ్ల పని పట్టాయి. నెపోలియన్ ప్రవాసంలో గడిపిన లాంగ్‌వుడ్ భవనం కన్నా అతని సమాధే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది. ఇనుప కంచె మధ్య రాతిపలక, దాని మీద ఒక్క అక్షరం లేదు. ఏ పేరు చెక్కాలన్నదానిపై ఫ్రెంచివారికీ ఇంగ్లీషువారికీ పొంతన కుదరలేదట! లోపల దేహమూ లేదు, 1840లోనే ఫ్రాన్స్‌కు తరలించారు.

గవర్నరు బంగళా ఆవరణలో జొనాథన్ అనే తాబేలునూ చూశాను. 1832 ప్రాంతంలో పుట్టిందని అంచనా. చూపు పోయినా మేత మీద ధ్యాస తగ్గలేదు.

వెళ్లేవారికి ఒక మాట: గాలి తిరగబడితే విమానం రద్దవుతుంది, తిరుగు ప్రయాణానికి కొంత వ్యవధి ఉంచుకోండి. ట్రిస్టన్ ఆశ మాత్రం వదల్లేదు. ఆ ఓడలో చోటు దొరికినవారు ఉంటే ఎంత ముందుగా అడిగారో చెప్పండి.